రాజమహేంద్రవరం నుంచి కర్నూలు దాకా

మదరాసు రాష్ట్రానికి ప్రధానమంత్రిగా, ఆంధ్రరాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రిగా పనిచేసిన టంగుటూరి ప్రకాశం పంతులు ప్రజాజీవితం శాసనసభలో ప్రారంభం కాలేదు. గోదావరి ఒడ్డున ఉన్న ఒక పురపాలక సంఘంలో, వీధిదీపాల ఖర్చుల మధ్య, మురుగుకాలువల తగవుల మధ్య, ఇంటిపన్నుల లెక్కల మధ్య ప్రారంభమైంది. ఆనాటి రాజమహేంద్రవరం విద్యకు, సంస్కారానికి పేరుపొందిన పట్టణమే అయినా విస్తీర్ణంలో చిన్నది. అక్కడ మునిసిపల్ చైర్మన్ పీఠం ఎక్కిన ఒక యువ ప్లీడరు సుమారు నలభై ఏళ్ల తరువాత దక్షిణభారతంలోని అతిపెద్ద రాష్ట్రానికి అధినేత అవుతాడని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు. ఆ నలభై ఏళ్ల ప్రయాణం నేరుగా సాగినది కాదు. అందినట్లే అంది జారిపోయిన పదవులు, ఎవరూ అడగకుండానే వదులుకున్న సంపద, చేరువైన పెద్దలతోనే వచ్చిన విరోధాలు ఆ దారి పొడుగునా ఉన్నాయి.

ప్రకాశం 1872 ఆగస్టు 23వ తేదీన ఒంగోలుకు సమీపంలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. తల్లి సుబ్బమ్మ, తండ్రి గోపాలకృష్ణయ్య. ప్రకాశం బాల్యంలోనే తండ్రి మరణించడంతో కుటుంబభారం సుబ్బమ్మ మీద పడింది. ఆమె ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పెంచింది. ఆ కాలంలో గౌరవకుటుంబాలవారు ఆ వృత్తిని చిన్నచూపు చూసేవారు. అయినా ఆమె లెక్కచేయలేదు. కొడుకు మిడిల్ స్కూలు పరీక్షకు కట్టవలసిన మూడు రూపాయల రుసుముకోసం తన పట్టుచీరను తాకట్టు పెట్టింది. మూడు రూపాయల విలువ ఎంతో ప్రకాశానికి ఆనాడే తెలిసింది. విచిత్రమేమంటే, తరువాతి కాలంలో లక్షల విలువ మాత్రం ఆయన ఎన్నడూ లెక్కపెట్టలేదు.

ఆ బాలుడిలోని తెలివిని మొదట గుర్తించినవారు ఆయన ఉపాధ్యాయులైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడు. ఆయన రాజమహేంద్రవరానికి తరలివెళ్లినప్పుడు శిష్యుణ్ణి కూడా వెంట తీసుకువెళ్లి చదివించారు. నాయుడుగారికి నాటకాలంటే ప్రాణం. అందుచేత శిష్యుడికి కూడా ముఖానికి రంగు పూసుకోవడం అలవడింది. ప్రకాశం రంగస్థలంమీద స్త్రీపాత్రలు ధరించి ప్రేక్షకుల మన్నన పొందారు. సింహమని పేరు తెచ్చుకున్న మనిషి యౌవనంలో ఆడవేషాలు కట్టాడంటే నేటి విద్యార్థులకు వింతగా తోచవచ్చు. కాని వేలమంది ముందు నిలబడి జంకకుండా గొంతెత్తే నేర్పు ఆయనకు అలవడింది ఆ నాటకశాలలోనే. చదువు మధ్య కొంత అల్లరి, కొన్ని వీధి తగాదాలు కూడా సాగాయి. గురువుగారి అదుపు లేకపోతే ఆ యువకుడు ఏ దారి పట్టేవాడో చెప్పడం కష్టం.

ప్రకాశం మదరాసులో చదివి ద్వితీయశ్రేణి ప్లీడరు పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. కొంతకాలం ఒంగోలులో వకాలతు చేసి, పిమ్మట రాజమహేంద్రవరంలో స్థిరపడ్డారు. అచిరకాలంలోనే మంచి పేరు, దానితోపాటు ధనం వచ్చాయి. పేరున్న ప్లీడరు పురవ్యవహారాలలోకి రావడం ఆ రోజులలో సహజం. అయితే చైర్మన్ పదవికి పోటీచేయడం వేరే విషయం.

నాటి పురపాలక ఎన్నికలు నేటి ఎన్నికలవంటివి కావు. ఓటుహక్కు పన్ను చెల్లించే కొద్దిమందికే ఉండేది. కౌన్సిలర్లలో కొందరిని వారు ఎన్నుకుంటే మరికొందరిని ప్రభుత్వం నియమించేది. చైర్మన్‌ను ఎన్నుకునేది ఈ కౌన్సిలర్లే. ఓటర్లు పట్టుమని పాతికమంది కూడా లేని ఎన్నిక అది. అటువంటిచోట ఒక్కొక్క ఓటుకూ బరువెక్కువ. బంధుత్వం, భయం, మొగమాటం, ధనం అన్నీ ఆ ఒక్క ఓటు చుట్టూ తిరుగుతాయి. ప్రకాశానికి ఉల్లితోట జమీందారు మద్దతు లభించింది. పట్టణంలో ఆయనకు పలుకుబడి ఉంది, సంపద ఉంది. దానితోపాటు ప్రకాశానికి తన వాక్కు, గురువు అండ ఉన్నాయి. హనుమంతరావు నాయుడు శిష్యుడి పక్షాన గట్టిగా నిలబడ్డారు. పోటీ తీవ్రంగా సాగింది. చివరకు ప్రకాశం గెలిచారు. అప్పటికి ఆయన ముప్పయ్యో ఏడు దాటి ఎంతోకాలం కాలేదు. పూటకూళ్లు పెట్టి బతికిన తల్లి కొడుకు పురపీఠం ఎక్కడం ఆనాటి గోదావరి తీరంలో చిన్న వార్త కాదు.

ఆ పదవిలో ఆయన ఎక్కువకాలం ఉండలేదు. ద్వితీయశ్రేణి ప్లీడరుకు హైకోర్టులో వాదించే అర్హత లేదు. వాదనలో ఎంత నిపుణుడైనా జిల్లా కోర్టు గడప దగ్గరే ఆగిపోవాలి. ఆయన ప్రతిభ చూసిన ఒక బారిస్టరు ఇంగ్లండు వెళ్లి చదవమని ప్రోత్సహించారు. మద్యమాంసాలు, ధూమపానం ముట్టనని తల్లికి మాట ఇచ్చి ప్రకాశం 1904లో ఓడ ఎక్కారు. లండనులో న్యాయశాస్త్రం చదువుతూనే దాదాభాయి నౌరోజీ పార్లమెంటు ఎన్నికకోసం పనిచేశారు. నౌరోజీ ఆ ఎన్నికలో గెలవలేదు. కాని పాలితదేశంనుంచి వచ్చిన ఒక వృద్ధుడు పాలకుల గడ్డమీద నిలబడి, వారి ఇంటింటికీ వెళ్లి ఓటు అడగడం ఆ యువకుడికి గొప్ప పాఠమై ఉండాలి.

1907లో బారిస్టరుగా తిరిగివచ్చి మదరాసు హైకోర్టులో చేరారు. అక్కడ పెద్ద వకీళ్లందరూ ఆంగ్లేయులు లేదా తమిళులు. వారి మధ్య నిలదొక్కుకుని సంపాదన సాగించిన తెలుగువారిలో ప్రకాశం అగ్రగణ్యులు. ఆ సంవత్సరమే బిపిన్ చంద్రపాల్ మదరాసులో ఉపన్యసించినప్పుడు, సభకు అధ్యక్షత వహించడానికి పెద్దలు జంకుతుంటే ప్రకాశం ముందుకు వచ్చారు. 1911లో తిరునల్వేలి కలెక్టరు ఆష్ హత్యకు గురైనప్పుడు ఆ కేసు ముద్దాయిలలో ఒకరి తరఫున వాదించారు. ఇటువంటి సాహసాలవల్ల ఆయన రాబడి తగ్గలేదు. ఇళ్లు, స్థలాలు, ఊటీలో ఆస్తి సమకూరాయి.

1921లో గాంధీజీ పిలుపు విని ఆ రాబడినంతా ఒక్కసారిగా వదిలివేశారు. వృత్తి మానడంతో ఊరుకోలేదు. అదే సంవత్సరం మదరాసులో స్వరాజ్య పత్రికను స్థాపించి ఆంగ్లం, తెలుగు, తమిళం మూడు భాషలలో నడిపారు. పత్రిక నడపడానికి ప్రజాభిమానం ఒక్కటే చాలదు. కాగితానికి, అచ్చుకు, జీతాలకు ప్రతినెలా డబ్బు కావాలి. ప్రకటనలు ఇచ్చే కంపెనీలు ప్రభుత్వానికి భయపడేవి. ప్రకాశం తన ఆస్తిని ఒక్కొక్కటిగా ఆ పత్రికకు ధారపోశారు. ఖాసా సుబ్బారావు వంటి ప్రసిద్ధ పాత్రికేయులు అక్కడ పనిచేసినవారే. చివరికి పత్రిక మూతపడింది. చేతికి ఎముక లేదని పేరుపొందిన ఆ మనిషికి అప్పులు మాత్రం మిగిలాయి. వ్యవహారదక్షత దృష్టితో చూస్తే దీనిని మెచ్చుకోలేము. ఆస్తిని పోగొట్టుకున్న తీరులో ఔదార్యం ఎంత ఉందో అజాగ్రత్త కూడా అంతే ఉంది. ఆ అజాగ్రత్త తరువాత ఆయన రాజకీయజీవితానికి పెద్ద అడ్డంకి అయింది.

1921 డిసెంబరులో అహమ్మదాబాదు కాంగ్రెసులో ఆయన ప్రధాన కార్యదర్శిగా ఎన్నికయ్యారు. 1926లో కేంద్ర శాసనసభ సభ్యులయ్యారు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ భారతదేశంలో అడుగుపెట్టిన రోజున మదరాసులో హర్తాళ్ జరిగింది. పోలీసులు కాల్పులు జరిపారు. హైకోర్టు సమీపంలో ఒక యువకుడు నేలకొరిగాడు. ఆ మృతదేహం దగ్గరకు ఎవరు వచ్చినా కాలుస్తామని బెదిరించిన తుపాకులముందు ప్రకాశం చొక్కా గుండీలు విప్పి రొమ్ము చూపి నిలిచారు. అప్పటికి ఆయన వయస్సు యాభై అయిదు. తెలుగువారు ఆయనను ఆంధ్రకేసరి అని పిలుచుకున్నారు. 1930లో శాసనసభ్యత్వానికి రాజీనామా చేసి మదరాసులో ఉప్పుచట్టాన్ని ధిక్కరించారు. తరువాతి సంవత్సరాలలో జైలు ఆయనకు రెండో ఇల్లయింది.

1935 చట్టం ప్రకారం రాష్ట్రాలకు స్వపరిపాలన వచ్చినప్పుడు మంత్రివర్గ నాయకుణ్ణి ప్రధానమంత్రి అని వ్యవహరించేవారు. 1937 ఎన్నికలలో మదరాసు శాసనసభలోని 215 స్థానాలలో కాంగ్రెసు 159 గెలిచింది. ప్రధానమంత్రి పదవికి ప్రకాశం పేరు గట్టిగా వినిపించింది. కాని ఆయన చక్రవర్తుల రాజగోపాలాచారికి దారి ఇచ్చి రెవెన్యూమంత్రిగా చేరారు. ఇక్కడొక విశేషం ఉంది. రాజాజీ కూడా సేలం పురపాలక సంఘం చైర్మన్‌గా పనిచేసి పైకి వచ్చినవారే. ఇద్దరూ న్యాయవాదులు, ఇద్దరూ గాంధీజీ కోసం వృత్తిని వదిలినవారు. అయితే స్వభావాలు ఉత్తరదక్షిణ ధ్రువాలు. ఒకరు ప్రతి అడుగూ కొలిచి వేసేవారు. మరొకరు దూకిన తరువాత లోతు చూసుకునేవారు.

రెవెన్యూమంత్రిగా ప్రకాశం చేసిన ముఖ్యమైన పని జమీందారీ విచారణసంఘానికి అధ్యక్షత వహించడం. జమీందారీ గ్రామాల రైతుల స్థితిని ఆ సంఘం పరిశీలించింది. భూమికి నిజమైన హక్కుదారు రైతేనని, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమేనని దాని నివేదిక తేల్చింది. రాజమహేంద్రవరంలో ఒక జమీందారు మద్దతుతో గెలిచిన మనిషి, ఇప్పుడు జమీందారీ వ్యవస్థ పునాదినే ప్రశ్నించారు. యుద్ధం రావడంతో 1939లో కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. నివేదిక అప్పటికి అమలు కాకపోయినా, 1948లో వచ్చిన ఎస్టేట్ల రద్దు చట్టానికి దారి వేసింది.

1942లో దారులు చీలాయి. క్విట్ ఇండియా ఉద్యమాన్ని వ్యతిరేకించి రాజాజీ కాంగ్రెసుకు దూరమయ్యారు. డెబ్బై ఏళ్ల ప్రకాశం జైలుకు వెళ్లి మూడేళ్లు గడిపారు. 1946లో మళ్లీ ఎన్నికలు జరిగి కాంగ్రెసు గెలిచినప్పుడు నాయకుడెవరన్న ప్రశ్న తలెత్తింది. పాలనాదక్షత దృష్ట్యా రాజాజీ రావాలని గాంధీజీ, కాంగ్రెసు అధిష్ఠానం కోరుకున్నారు. జైళ్లకు వెళ్లి వచ్చిన శాసనసభ్యులకు ఇది మింగుడుపడలేదు. తమిళనాడులో కామరాజ్ రాజాజీని వ్యతిరేకించారు. ఆంధ్రులలో అధికసంఖ్యాకులు ప్రకాశం వైపు నిలిచారు.

ప్రకాశం అభ్యర్థిత్వానికి గాంధీజీనుంచే ఆటంకం వచ్చింది. వృత్తి, ఆస్తి, పత్రిక అన్నీ పోయిన ప్రకాశానికి ప్రజలు సభలలో డబ్బుసంచులు బహూకరించేవారు. ఆయన వాటిని స్వీకరించి తన అవసరాలకు కూడా వాడుకున్నారు. ప్రజాసేవకుడికి అందిన ధనం ప్రజలదేనని, దానిని సొంతానికి వాడుకోరాదని గాంధీజీ నియమం. తన సర్వస్వాన్ని ఇచ్చినవాడికి ప్రజలు తమంత తాముగా ఇచ్చినదానిని స్వీకరించడంలో దోషం లేదని ప్రకాశం భావించారు. ఆయన ఆ డబ్బుతో మేడలు కట్టలేదన్నది అందరికీ తెలుసు. అయినప్పటికీ నియమం దృష్ట్యా గాంధీజీ వాదాన్ని తోసిపుచ్చడం సులభం కాదు. తాను గురువుగా భావించిన వ్యక్తి వద్దన్నప్పుడు తప్పుకోవడమా, తనను కోరిన శాసనసభ్యుల మాట నిలపడమా అన్న ధర్మసంకటంలో ప్రకాశం రెండోదానినే ఎంచుకున్నారు. 1937లో దారి ఇచ్చిన మనిషి ఈసారి ఇవ్వలేదు.

శాసనసభాపక్షంలో ఓటింగు జరిగింది. కామరాజ్ బలపరచిన ముత్తురంగ మొదలియారు మీద ప్రకాశం గెలిచారు. 1946 ఏప్రిల్ 30న ప్రధానమంత్రి అయ్యారు. అప్పుడు ఆయనకు డెబ్బై మూడేళ్లు. ఆ మంత్రివర్గంలో వి.వి. గిరి, రుక్మిణీ లక్ష్మీపతి వంటివారు ఉన్నారు. గ్రామాలను ఫిర్కాలవారీగా అభివృద్ధి చేసే పథకాన్ని 34 ఫిర్కాలలో ప్రారంభించారు. ఖద్దరును, చేనేతను రక్షించడంకోసం రాష్ట్రంలో కొత్త బట్టలమిల్లులు వద్దన్నారు. గాంధీజీ సిద్ధాంతాన్ని అక్షరాలా అమలు చేయబూనిన ఆ మంత్రివర్గానికి నాయకుడు గాంధీజీ వద్దన్న మనిషే కావడం చరిత్రలోని వైచిత్రి. మిల్లు యజమానులకు ఈ విధానం నచ్చలేదు. పక్షంలోని వర్గాలను, ముఠాలను బుజ్జగించే ఓపిక ప్రకాశానికి లేదు. తాను నమ్మినదానిని ఎవరినీ సంప్రదించకుండా చేసేవారు. పదకొండు నెలలలో సొంత పక్షమే ఆయనను దింపింది. 1947 మార్చిలో ఓమందూరు రామస్వామి రెడ్డియారు ఆ స్థానంలోకి వచ్చారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆగస్టు 15న ప్రకాశం ఏ పదవిలోనూ లేరు.

కాంగ్రెసుతో విభేదాలు ముదిరి 1951లో ఆయన బయటకు వచ్చి ప్రజాపార్టీని స్థాపించారు. అది ఆచార్య కృపలానీ నాయకత్వంలోని కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీలో కలిసింది. 1952లో వయోజనులందరికీ ఓటుహక్కుతో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో మదరాసు శాసనసభలోని 375 స్థానాలలో కాంగ్రెసుకు 152 మాత్రమే వచ్చాయి. ప్రకాశం నాయకత్వాన కమ్యూనిస్టులు, ప్రజాపార్టీవారు, మరికొందరు ఐక్యకూటమిగా ఏర్పడి తమకు 166 మంది సభ్యుల బలం ఉందని ప్రకటించారు. ఎవరికీ పూర్తి ఆధిక్యం లేదు గాని లెక్కలో కూటమిదే పైచేయి. గవర్నరు శ్రీప్రకాశ మాత్రం ఎన్నికలలో పోటీయే చేయని రాజాజీని విధానపరిషత్తుకు నామినేట్ చేసి, ప్రభుత్వం ఏర్పాటుకు పిలిచారు. 1952 ఏప్రిల్ 10న రాజాజీ ముఖ్యమంత్రి అయ్యారు. కూటమి చెదరిపోయింది. ఆ నిర్ణయం సబబా కాదా అన్న చర్చ రాజ్యాంగ నిపుణులలో చాలాకాలం సాగింది.

ఇంతలో ఆంధ్రరాష్ట్ర సమస్య పరాకాష్ఠకు చేరింది. పొట్టి శ్రీరాములు 58 రోజుల నిరాహారదీక్ష తరువాత 1952 డిసెంబరు 15న అసువులు బాశారు. ప్రత్యేకరాష్ట్రం ఇవ్వక తప్పలేదు. మదరాసు నగరంకోసం ప్రకాశం గట్టిగా పట్టుబట్టారు. తాను బారిస్టరుగా వెలిగినది అక్కడే, తుపాకులకు ఎదురు నిలిచినది అక్కడే. ఆ నగరం ఆంధ్రులకు దక్కలేదు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. 140 మంది సభ్యుల శాసనసభలో కాంగ్రెసు ఒంటరిగా పాలించే స్థితిలో లేదు. అన్ని వర్గాలకూ కొంతైనా ఆమోదయోగ్యుడైన నాయకుడు కావలసివచ్చింది. కాంగ్రెసును వదిలివెళ్లిన ప్రకాశాన్నే కాంగ్రెసు పెద్దలు పిలిచారు. ఎనభై ఒకటో ఏట ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి.

కర్నూలులో కార్యాలయాలకు చాలినన్ని భవనాలు లేవు. చాలామంది ఉద్యోగులు గుడారాలలో పనిచేశారు. ఆ స్థితిలోనే 1954లో గుంటూరులో హైకోర్టు, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రారంభమయ్యాయి. అయితే ప్రభుత్వం నిలిచినది సన్నని దారంమీద. మద్యనిషేధం ఎత్తివేయాలన్న రామమూర్తి సంఘం సిఫారసు విషయమై వచ్చిన అవిశ్వాసతీర్మానం 1954 నవంబరులో ఒకే ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. ప్రభుత్వం కూలిపోయింది. ఇంగ్లండుకు ఓడ ఎక్కేముందు తల్లికి మద్యం ముట్టనని మాట ఇచ్చిన మనిషి చివరి పదవి మద్యనిషేధం మీదనే పోయింది. 1955 ఎన్నికల అనంతరం బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి కాగా, ప్రకాశం క్రియాశీల రాజకీయాలనుంచి తప్పుకున్నారు.

పదవి లేకపోయినా తిరగడం మానలేదు. 1957 వేసవిలో ఒంగోలు ప్రాంతంలో పర్యటిస్తుండగా వడదెబ్బ తగిలింది. హైదరాబాదులో చికిత్స పొందుతూ మే 20వ తేదీన తుదిశ్వాస విడిచారు. ఆయన తన జీవితకథను నా జీవితయాత్ర అన్న పేరుతో రచించగా, చివరి భాగాన్ని సహచరుడు తెన్నేటి విశ్వనాథం పూర్తిచేశారు. ఒంగోలు కేంద్రంగా 1970లో ఏర్పడిన జిల్లాకు 1972లో ప్రకాశం పేరు పెట్టారు. విజయవాడ దగ్గర కృష్ణానదిమీద పందొమ్మిదో శతాబ్దిలో కట్టిన పాత ఆనకట్ట 1952లో తెగిపోగా, దాని స్థానంలో కొత్త బ్యారేజి పనులు ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న 1954లో మొదలయ్యాయి. అది పూర్తయినది 1957లో, ఆయన కన్నుమూసిన సంవత్సరంలోనే. దానికీ ఆయన పేరే పెట్టారు.